రెండో కుర్చీ

ఏప్రిల్ 13, 2008, ఆదివారం

నిన్నటి ఉగాది సభలో అందరికంటే నా ఉపన్యాసమే బాగుంది. పైకి అంటే గొప్పలు చెప్పుకుంటోందంటారు, అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. “స్త్రీ: నాడు, నేడు” అన్న విషయం మీద మాట్లాడాను. మన అమ్మమ్మల కాలంలో బొమ్మలతో ఆడుకునే పిల్లల మెడలో తాళి కట్టేసేవాళ్ళని, ఆ చీకటి రోజులు పోయాయని, ఈరోజు మనం లండన్‌లో తలెత్తుకుని నిలబడ్డామని చెప్పేసరికి ముందు వరసలో ఇద్దరు కళ్ళొత్తుకున్నారు. మహిళా విభాగం అధ్యక్షురాలు నిర్మలాదేవి గారు మాత్రం “చాలా బాగా మాట్లాడారండీ మంగగారూ, కాకపోతే వెనకాల పులిహోర చల్లారిపోతోందండీ” అన్నారు. వచ్చే ఏడు ఆ పదవి నాకు రావాలి. అసూయ కాదు, సేవ కోసమే.

వేదిక మీద వేసింది నా సింహాసనమే. ఎర్ర వెల్వెట్టు, చేతులకు రెండు బంగారు రంగు సింహాలు. ఈస్ట్ హామ్‌లో ఓణీల ఫంక్షన్ అంటే ఈ అలివేలుమంగ, ఈ సింహాసనం. పిల్లను ముస్తాబు చేయడం, స్టేజి అలంకరించడం అన్నీ నేనే. ఫంక్షన్లు లేనప్పుడు అది మా ముందుగదిలో ఉంటుంది. మా ఆయన ఆంజనేయప్రసాద్ వాట్‌ఫర్డ్‌లో ఆఫీసు నుంచి వచ్చి అందులో కూర్చుని క్రికెట్ చూస్తాడు. మా స్రవంతి మాత్రం అందులో ఎన్నడూ కూర్చోలేదు. దానికి ఓణీల ఫంక్షన్ చేస్తానంటే “ఐయామ్ నాట్ ఎ క్రిస్మస్ ట్రీ, మమ్” అంది. ఊరందరికీ చేసే దాన్ని, సొంత కూతురికి చేయలేకపోయాను.

ఏప్రిల్ 15

మా వీధి చివర కూరగాయల కొట్టు కమలాంబిక అక్క నన్ను లోపలికి పిలిచి అల్లం టీ ఇచ్చింది. వాళ్ళు సిలోన్ తమిళులు. మాది నగరి కాబట్టి నాకు తమిళం తెలుగంత బాగా వచ్చు. యుద్ధంలోంచి బయటపడి ఆమె అన్న కూతురు యాళిని పోయిన చలికాలం వచ్చి ఆమె దగ్గరే ఉంటోంది. మా స్రవంతి క్లాసే. తండ్రి పోయాడు, తల్లి అక్కడే ఎక్కడో ఉంది.

“మంగక్కా, పిల్లకు ఒక ఫంక్షన్ చేయాలి. చీర కట్టి, నగలు పెట్టి, స్టేజి మీద కూర్చోబెట్టాలి. నువ్వే చేయాలి” అంది కమలక్క.

పాపం, యుద్ధంలో ఈడేరినప్పుడు ఆ పిల్లకు ఎవరు చేస్తారు? ఇప్పుడు పదిహేనేళ్ళొచ్చాయి, కాస్త ఆలస్యమే. అయినా లండన్‌లో పిల్లలు పెద్దమనుషులయ్యేది హాలు ఖాళీ ఉన్నప్పుడే కదా. కమలక్క ఇంకేదో చెప్పబోయింది. “నాకు చెప్పాలా అక్కా? ఇట్లాంటివి ఎన్ని చేయలేదు! నువ్వు నిశ్చింతగా ఉండు” అన్నాను. ఆమె సంచీ నిండా మునక్కాయలు ఊరికే ఇచ్చింది.

ఒక శరణార్థి బాలికకు ఓణీల ఫంక్షన్! ఇది సంఘం పత్రికలో ఫొటోతో రావాలి. నిర్మలాదేవి గారు ఇట్లాంటిది కలలోనైనా చేశారా?

ఏప్రిల్ 19, శనివారం

యాళిని జాకెట్టు కొలతలకు వచ్చింది. చిక్కిపోయి ఉంది. అడిగినదానికే జవాబు చెబుతుంది, అదీ నేల చూస్తూ. ఇట్లాంటి పిల్లకు మెరూన్ బాగుంటుంది.

స్వెట్టర్ తీయమంటే తీయదు. నేనే తీయించాను. చొక్కా కింద మెడలో పసుపుతాడు, దానికి పసుపుకొమ్ము.

“ఎవరమ్మా కట్టింది?”

“అమ్మ.”

“కొలతలకు అడ్డమొస్తోంది, ఒక్క నిమిషం తీద్దాం.”

రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. “వద్దు ఆంటీ. తీస్తే పట్టుకుపోతారు.”

ఎవరు పట్టుకుపోతారంటే చెప్పలేదు. దిష్టితాడు. వాళ్ళ దేశంలో దిష్టితాళ్ళు ఇట్లా ఉంటాయి కాబోలు. దేశం వేరు కదా, ఆచారాలు వేరు.

ఏప్రిల్ 20

దిష్టితాడే.

ఏప్రిల్ 26

కమలక్క వచ్చింది. ముహూర్తం మే పద్దెనిమిది, ఆదివారం ఉదయం. పది ఇరవై నుంచి పది యాభై లోపల. హాలు దొరికిందట.

“మాలలు రెండు కావాలి మంగక్కా.”

“సరే.”

“వీడియో వద్దు.”

“అదేంటక్కా, వీడియో లేకుండా ఎవరు చేస్తారు?”

“వద్దన్నారు.” ఎవరు వద్దన్నారో చెప్పలేదు. తర్వాత గుమ్మం దగ్గర ఆగి, “సింహాసనం లాంటిదే ఇంకో కుర్చీ ఉందా?” అంది.

రెండో కుర్చీ ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఓణీల ఫంక్షన్‌లో కూర్చునేది ఒక్క పిల్ల. వాళ్ళ ఆచారంలో అమ్మ ఫొటో పెడతారేమో. మేనమామ కూర్చుంటాడేమో. లేదూ, ఫొటోలో రెండు పక్కలా సమానంగా ఉంటుందని అడిగిందేమో. ఎన్ని కారణాలు లేవు!

ఉందన్నాను. లేదు. కొనాలి. వ్యాపారం అన్నాక విస్తరించాలి.

ఏప్రిల్ 27

మా ఆయనతో వాదన.

“ఓణీల ఫంక్షన్‌కు రెండు కుర్చీలు ఏంటికి మంగా?”

“మీకు ఆచారాలు తెలియవు.”

“నీకు తెలిసిన ఆచారాల్లో రెండు కుర్చీలు దేనికేస్తారో చెప్పు చూద్దాం.”

చపాతీలు మాడిపోతున్నాయని వంటింట్లోకి వచ్చేశాను. ఇవాళ చపాతీలు చేయలేదు.

మే 5, సోమవారం

బ్యాంక్ హాలిడే. వాట్‌ఫర్డ్‌లో ఒక గుజరాతీ డెకరేటర్ దుకాణం మూసేస్తున్నాడని తెలిసి పోయి రెండో సింహాసనం తెచ్చాం. మొదటిదానికంటే రెండంగుళాలు ఎత్తు. ఆడవాళ్ళ కుర్చీ పొట్టిగా, మగవాళ్ళ కుర్చీ ఎత్తుగా ఉంటుందని, ఇవి జత అని వాడు చెప్పాడు. వాడికేం తెలుసు? వాడు పెళ్ళిళ్ళవాడు.

మే 9

కుగదాసన్ అని ఒకాయన స్టేజి సామాను చూసి పోవడానికి వచ్చాడు. కమలక్క పంపిందట. ఏదో పెట్రోల్ బంకులో మేనేజరు. మా ఆయన ఈడు ఉంటాడు, రెండేళ్ళు తక్కువేమో. జుట్టుకు కొత్తగా రంగేసుకున్నాడు, చెవి మీద కాస్త అంటింది. మర్యాదస్తుడు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పాడు.

ముందుగదిలో ఒక సింహాసనంలో మా ఆయన కూర్చుని క్రికెట్ చూస్తున్నాడు. ఈయన రెండోదాన్ని చేత్తో తట్టి చూశాడు, తర్వాత కూర్చున్నాడు. సరిగ్గా సరిపోయింది. ఇద్దరూ ఇద్దరు మహారాజుల్లా కూర్చుని నాలుగు ఓవర్లు చూశారు. నేను మిక్చరు పెట్టాను.

“పిల్ల చీర మరీ ముదురు రంగు వద్దు. నా చొక్కాకు నప్పాలి” అన్నాడు పోయేముందు.

మేనమామ అయ్యుంటాడు.

ఆయన పోయాక మా ఆయన టీవీ ఆపేశాడు. గెలవడానికి ఇంకా పది పరుగులు కావాల్సి ఉండగా ఆపేశాడు. నావైపు చూశాడు. నేను మిక్చరు గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయాను.

మే 14, బుధవారం

స్రవంతి స్కూలు నుంచి వచ్చి బ్యాగు నేలకేసి కొట్టింది.

“మమ్, షీ ఈజ్ ఫిఫ్టీన్!”

ఎవరని అడగలేదు. తర్వాత అది చెప్పిందంతా సగం ఇంగ్లీషులో, సగం ఏడుపులో. యాళిని మధ్యాహ్నం భోజనం దగ్గర అంతా చెప్పేసిందట. వాళ్ళ దగ్గర యుద్ధం చేసేవాళ్ళు ఇంటికొక పిల్లనో పిల్లాడినో పట్టుకుపోయి తుపాకీ ఇస్తారట. పెళ్ళయిన ఆడపిల్లల్ని వదిలేస్తారట. అందుకని టార్పాలిన్ల కింద బతుకుతున్న ఊళ్ళో ఎవరికి చేతనైనట్టు వాళ్ళు పద్నాలుగేళ్ళ పిల్లలకు పెళ్ళిళ్ళు చేసేశారట. యాళిని తల్లికి పెళ్ళికొడుకు దొరకలేదు. తనే పసుపుకొమ్ము కట్టి, తనే తాళి కట్టి, అల్లుడు పట్నం పోయాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పిందట. పెళ్ళికొడుకు లేని పెళ్ళి. ఆ ఉత్త తాడే పిల్లను కాపాడింది.

ఇక్కడికి తీసుకొచ్చే ఏజెంటు ఖర్చంతా భరించింది కుగదాసన్. ఇప్పుడు పెళ్ళికొడుకు దొరికాడు.

“యూ మేడ్ ఎ స్పీచ్, మమ్. అబౌట్ డాల్స్” అంది స్రవంతి. స్కూల్లో మిస్‌కు చెప్పేస్తానంది.

“నోర్మూసుకో. ఇది పెద్దవాళ్ళ సంగతి” అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

మే 16, శుక్రవారం

స్రవంతి చెప్పేసింది. వాళ్ళ టీచరమ్మ శ్రద్ధగా విని, అంతా కంప్యూటర్‌లో ఎక్కించి, సోమవారం ఉదయం ఒక మనిషిని కమలక్క ఇంటికి పంపిస్తామందట. చాలా మంచావిడ. ముహూర్తం ఆదివారం అని దీనికి చెప్పడం తోచలేదు. ముహూర్తం అంటే ఏంటో ఇంగ్లీషులో చెప్పడం దీనికి చేతకాదు.

కమలక్క కొట్టుకు పోయాను. మనుషులు పోయేదాకా ఆగి, “ఇది పెళ్ళని నాకు ముందే ఎందుకు చెప్పలేదక్కా?” అని నిలదీశాను.

“చెప్పబోయాను. నాకు చెప్పాలా అన్నావు నువ్వే” అంది.

మళ్ళీ తనే అందుకుంది.

“అక్కడుంటే ఈపాటికి తుపాకీ పట్టుకుని ఏ గుంటలోనో చచ్చి ఉండేది. ఆయన తెప్పించాడు. పిల్లను ఇస్తానని మా వదిన ఫోన్‌లో మాటిచ్చింది. ఇప్పుడు వయసు చాలదని చెప్పమంటావా? తప్పించేటప్పుడు వయసు ఎంతని ఎవరూ అడగలేదు కదా?” టమాటాలు సర్దుతూనే మాట్లాడింది. ఒకే టమాటాను మళ్ళీ మళ్ళీ సర్దుతోంది.

“నీకు ఇష్టమేనా?”

“నా ఇష్టం ఎవరడిగారు మంగక్కా, ఇప్పుడు నువ్వు అడగడానికి?”

ఇంటికొచ్చి నిర్మలాదేవి గారికి ఫోన్ చేశాను. ఎంతైనా అధ్యక్షురాలు. అంతా విని నిట్టూర్చారు. “చాలా బాధాకరమండీ. కానీ అది వాళ్ళ కమ్యూనిటీ విషయం కదండీ, మనం వేరే కల్చర్‌లో వేలు పెట్టకూడదు. జూన్‌లో దీనిమీద ఒక సెమినార్ పెడదామండీ, మీరే మాట్లాడుదురుగాని.” ఎంత మంచిగా చెప్పారో! నెల కిందట అయితే నేనూ అదే చెప్పి ఉండేదాన్ని, ఇంకాస్త బాగా.

పోలీసులకు చెబుదామంటే మా ఆయన “మన సిటిజెన్‌షిప్ కాగితాలు ఇంకా సర్కారు ఆఫీసులోనే ఉండాయి మంగా, ఈ టైంలో పోలీసులూ సాక్ష్యాలూ ఏంటికి?” అన్నాడు. అని, తలుపేసుకుని స్నానానికి పోయాడు. చాలాసేపు రాలేదు.

మే 17

రేపు రెండో కుర్చీ తీసుకుపోను.

తీసుకుపోకపోతే హాల్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటాడు. పెళ్ళి ఆగదు. నా అలంకరణ చెడుతుంది, అంతే.

మే 19, సోమవారం

నిన్నటిది రాయాలి.

తొమ్మిదింటికల్లా పిల్లను ముస్తాబు చేయడం మొదలుపెట్టాను. లేత ఆకుపచ్చ చీర, ఆయన చొక్కాకు నప్పేది. జడ వేస్తుంటే యాళిని అడిగింది: “ఆంటీ, ఇవాళ నా ఫంక్షన్ కదా? అమ్మ చేస్తానంది, అప్పుడు మా ఊరి మీద విమానాలు వచ్చాయి.” తనకూ తెలుసు, అయినా అడిగింది. ఔనని చెప్పమని అడిగింది. నేను పువ్వులు గుచ్చుతూ ఉన్నాను. కమలక్క కత్తెర తెచ్చి నా ముందు పెట్టి, “పాత తాడు తీసెయ్, బంగారుది కడతారు” అని చెప్పి, మా ఇద్దరి ముఖాలూ చూడకుండా వెళ్ళిపోయింది. యాళిని రెండు చేతులూ మెడ మీదికి పోయాయి. నేను కత్తెరను పూలబుట్ట కింద పడేశాను. అప్పటికి నాకు తట్టిన పని అదొక్కటే.

హాల్లో నలభై మందికి మించి లేరు. అయ్యరు హోమం చేస్తున్నాడు. ఆయన ఇల్‌ఫర్డ్‌లో ఇంకో పెళ్ళికి పోవాలట, గడియారం చూస్తూ మంత్రాలు చదువుతున్నాడు. పిల్లను తీసుకొచ్చి చిన్న సింహాసనంలో కూర్చోబెట్టాను. కుగదాసన్ మాల వేసుకుని కింద పెద్దవాళ్ళకు దణ్ణాలు పెడుతున్నాడు. పది ఇరవై అయింది. “పెళ్ళికొడుకు రావాలి” అన్నాడు అయ్యరు.

నేను పెద్ద సింహాసనం కుచ్చులు సర్దడానికి వంగాను. వంగినదాన్ని లేవకుండా తిరిగి అందులో కూర్చున్నాను.

ఇది ముందే అనుకున్నానని సంఘంలో చెప్పుకుంటాను గానీ, ఇక్కడ రాస్తున్నాను కదా, అనుకోలేదు. కూర్చున్నాక లేవాలనిపించలేదు.

“అమ్మా, లేవండి” అన్నాడు అయ్యరు.

“మోకాళ్ళు పట్టేశాయి స్వామీ.”

ఎవరో చెయ్యి అందించారు. పట్టుకోలేదు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్క పట్టి లేపబోయారు. నా సంగతి నాకు తెలుసు, డాక్టరు ప్రతి ఏడూ తగ్గమంటూనే ఉన్నాడు. ఈ ఒళ్ళు ఇన్నేళ్ళకు ఒక పనికొచ్చింది. రెండు సింహాలనూ పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. నవ్వులు, గుసగుసలు. చెమటకు బొట్టు కారిపోయింది. అంతమందిలో నా పరువంతా పోయింది. ఎప్పటి నుంచి కూడబెట్టిన పరువు!

కుగదాసన్ పైకొచ్చాడు. మర్యాద పోయింది. “నీకు ఇక్కడేం పని? నువ్వు అలంకరణకు వచ్చిన మనిషివి” అన్నాడు.

“పిల్లకు పదిహేనేళ్ళు” అన్నాను. తమిళంలో, గట్టిగా, హాలంతా వినబడేట్టు. హాల్లో తెలియనివాళ్ళెవరూ లేరు. కానీ ఎవరైనా పైకి అనడం అదే మొదలు కాబోలు, గుసగుసలు ఆగిపోయాయి.

ఆయన నా భుజం పట్టుకున్నాడు. అప్పుడు కింది వరసలోంచి మా ఆయన లేచాడు. సిటిజెన్‌షిప్ కాగితాలు, వాట్‌ఫర్డ్ ఉద్యోగం, అన్నీ మర్చిపోయి, నగరి బస్టాండులో అరిచినట్టు అరిచాడు: “నా పెండ్లాం మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఉండదు జూడు! దిగు కిందికి!” తెలుగు ఎవరికీ రాదు, అర్థం మాత్రం అందరికీ అయింది. పక్కనే స్రవంతి ఫోన్ ఎత్తి పట్టుకుని “ఐయామ్ కాలింగ్ ద పొలీస్, నౌ” అంది. దానికి నేను నోర్మూసుకోమని చెప్పలేదు.

నాలుగు వైపులా అరుపులు. ఎవరు ఎవరిని ఆపారో చూడలేదు. నేను యాళిని చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా ఉంది.

చివరికి అయ్యరే తేల్చాడు. గడియారంలో పది యాభై దాటడం చూసి, పంచె దులుపుకుని లేచాడు. “లగ్నం దాటిపోయింది. ఇక నేను కట్టించను” అని సంచీ సర్దుకున్నాడు. పిల్ల వయసు ఆయనకు అడ్డం రాలేదు, గడియారం అడ్డమొచ్చింది. ఏదైతేనేం.

జనం పల్చబడ్డారు. యాళిని ఆ గోల మొదలైనప్పటి నుంచి తల ఎత్తలేదు, కదలలేదు. ఇప్పుడు నావైపు తిరిగి మెల్లగా అడిగింది: “ఆంటీ, నేను లేవచ్చా?”

కమలక్క మా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. పిల్ల చెవులకున్న కమ్మలు విప్పుతూ, నావైపు చూడకుండా, “ఇవాళ నీ ఇంటికి తీసుకుపో. మా ఇంటికి ఆయన వస్తాడు” అంది. అప్పుడు చూశాను, ఏడుస్తోంది. ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్నదీ ఇదే కాబోలు, ఆమె తరఫున కూర్చునేవాళ్ళే దొరకలేదు.

మే 21, బుధవారం

టీచరమ్మ పంపిస్తామన్న మనిషి, సోషల్ వర్కర్, మొన్నా మా ఇంటికి వచ్చింది, ఇవాళా వచ్చింది. తమిళం తెలిసిన మనిషిని ఫోన్‌లో పెట్టి యాళినితో చాలాసేపు మాట్లాడింది. గ్లాస్గోలో ఒక తమిళ కుటుంబం ఉందట, శుక్రవారం అక్కడికి తీసుకుపోతారు. కుగదాసన్‌కు ఆ చిరునామా చెప్పరు, కమలక్కకు కూడా చెప్పరు. అంతవరకు మా ఇంట్లోనే.

కమలక్క కొట్టు ముందు నుంచి పోతే లోపలికి తిరిగి నిలబడుతోంది. ఆమెను ఎవరూ ఏ ఊరికీ పంపించరు. కుగదాసన్ ఉన్న ఊళ్ళోనే ఉండాలి. నిర్మలాదేవి గారు ఫోన్ చేసి “మీరు చేసింది సంఘానికే గర్వకారణమండీ, అయితే అంత బహిరంగంగా చేయకుండా ఉండాల్సిందండీ” అన్నారు.

మధ్యాహ్నం యాళినికి అన్నం పెడుతూ, మళ్ళీ నా పాత జబ్బు తిరగబెట్టింది. ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇక భయం లేదమ్మా, ఇది నీ దేశం కాదు, ఇది ఇంగ్లండు. ఇక్కడ పోలీసులున్నారు, స్కూలుంది, కౌన్సిలుంది, చట్టం ఉంది, ఆడపిల్లను ఎవరూ పట్టుకుపోలేరు, నువ్వు నిశ్చింతగా చదువుకో అని.

అది అన్నం కలుపుతూ విన్నది. ఎదురు చెప్పే పిల్ల కాదు. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, చాలా మర్యాదగా అంది: “అక్కడైతే దాక్కోవడానికి అడవి ఉండేది ఆంటీ.”

ఇంకాస్త చారు పోయమంటావా అని అడిగాను. పోయమంది.